మనం గెలిచాం... మరి ఓడింది ఎవరు?



ఆట చూసి ఇంటికి వచ్చినవాడిని "ఏమయిందిరా?" అని అడిగి చూడండి. తన జట్టు గెలిచి ఉంటే "మనం గెలిచాం" అంటాడు. ఓడి ఉంటే "వాళ్లు చేతులారా పోగొట్టుకున్నారు" అంటాడు. గెలుపు దగ్గర 'మనం', ఓటమి దగ్గర 'వాళ్లు'! ఆ మనిషి బ్యాటు పట్టలేదు, బంతి విసరలేదు, చెమట చుక్క రాల్చలేదు. ఆ ఆటగాళ్లలో ఒక్కరికీ ఇతని పేరు తెలియదు. అలాంటప్పుడు 'మనం' అనే హక్కు ఇతనికి ఎక్కడి నుంచి వచ్చింది?

నవ్వులాటకు అడిగే ప్రశ్నలా ఉంది గాని, కొంచెం తరచి చూస్తే ఇది మన ఇళ్లలోకి, మన వీధుల్లోకి వచ్చి కూర్చునే ప్రశ్న. దీన్ని విచారించడానికి ఈ వారం మనకు బాగా తెలిసిన క్రికెట్టును పక్కన పెట్టి, అమెరికావారి బేస్‌బాల్‌ను తీసుకుందాం. మన కుటుంబాల పిల్లలు ఎందరో ఇప్పుడు ఆ దేశంలో ఉన్నారు. వారి పిల్లల తలల మీద ఏదో ఒక బేస్‌బాల్ జట్టు టోపీ ఫోటోల్లో మనం చూస్తూనే ఉన్నాం. పైగా ఆ ఆటలో మనకు పక్షపాతం లేదు కాబట్టి నిదానంగా ఆలోచించవచ్చు.

ముందుగా ఒక మాట. ఇంగ్లీషువారికి 'వుయ్' అని ఒకటే మాట ఉంది. మన తెలుగులో రెండున్నాయి. వింటున్నవాడిని కూడా కలుపుకుంటే 'మనం'. అతన్ని బయట ఉంచితే 'మేము'. "మనం భోజనానికి వెళ్దాం" అంటే ఎదుటివాడు చెప్పులు వేసుకుంటాడు. "మేము భోజనానికి వెళ్తున్నాం" అంటే అతను ఇంటిదారి పడతాడు. ఈ చిన్న తేడాను గుర్తుంచుకోండి. ముందు ముందు పనికి వస్తుంది.

అమెరికాలోని పెద్ద బేస్‌బాల్ లీగులో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబరు చివరి దాకా, అంటే ఆరు నెలల్లో, 162 ఆటలు ఆడుతుంది. దాదాపు ప్రతిరోజూ ఆటే. అభిమాని అన్నవాడు పొద్దున లేచి పాలు కాచుకున్నట్టు, సాయంత్రం దీపం పెట్టుకున్నట్టు, రోజూ తన జట్టు సంగతి కనుక్కుంటాడు. కారులో రేడియో, ఇంట్లో టీవీ, ఇప్పుడైతే చేతిలో ఫోను. వారానికోసారి వచ్చే పండుగ కాదు అది, దినచర్య.

ఈ దినచర్యలో ఓటమి చాలా మామూలు సంగతి. పది సార్లు బ్యాటు పట్టి మూడు సార్లు బంతిని సరిగా కొట్టగలిగితే ఆ ఆటలో గొప్ప బ్యాట్స్‌మన్ అంటారు. అంటే గొప్పవాడు కూడా పదింటికి ఏడు సార్లు తలవంచుకుని వెనక్కి నడుస్తాడు. 2016లో విజేతగా నిలిచిన చికాగో కబ్స్ జట్టు ఆ ఏడాది లీగు ఆటల్లో 103 గెలిచి, 58 ఓడింది. ఛాంపియన్ జట్టు అభిమాని కూడా 58 రాత్రులు ఓటమితో నిద్రపోయాడన్నమాట. అదే నగరంలోని వైట్ సాక్స్ జట్టు 2024లో 121 ఆటలు ఓడింది. ఆధునిక కాలంలో ఏ జట్టూ ఒక్క సీజనులో అన్ని ఓడలేదు. అయినా ఆ జట్టు సైతం 41 గెలిచింది. ఇక అక్టోబరు చివరికి 30 జట్లలో ఒక్కదానికే కిరీటం. మిగతా 29 జట్ల అభిమానులకు ఆ ఏడాది ముగింపు నిరాశే.

కాబట్టి కేవలం గెలుపు కోసమే జట్టును పట్టుకునేవాడికి బేస్‌బాల్ చాలా నష్టపు బేరం. అయినా లక్షల మంది ఏళ్ల తరబడి పట్టుకుని ఉన్నారు. ఎందుకు?

చికాగో కబ్స్ సంగతే చూడండి. ఆ జట్టు 1908లో వరల్డ్ సిరీస్ గెలిచింది. మళ్లీ గెలవడానికి 108 ఏళ్లు పట్టింది. 1945లో చివరి మెట్టు దాకా వచ్చి డెట్రాయిట్ చేతిలో ఓడారు. ఆ తర్వాత 71 ఏళ్ల పాటు ఆ మెట్టు మొహమే చూడలేదు. తాత పుట్టి, పెరిగి, ముసలివాడై, కన్నుమూశాడు, గెలుపు చూడలేదు. కొడుకూ అంతే. అయినా మనవడి తల మీద అదే నీలం టోపీ.

వారి మైదానం పేరు రిగ్లీ ఫీల్డ్. 1914లో కట్టినది, ఇళ్ల మధ్యలో ఉంటుంది. అక్కడ ఒక ఆచారం ఉంది. ఆట అయిపోగానే స్కోరుబోర్డు పైన ఒక జెండా ఎగరేస్తారు. గెలిస్తే తెల్ల గుడ్డ మీద నీలం రంగులో 'డబ్ల్యూ' అక్షరం. ఓడితే నీలం గుడ్డ మీద తెల్ల రంగులో 'ఎల్' అక్షరం. ఆ పక్కగా రైల్లో పోయేవారు, వీధిలో నడిచేవారు తల ఎత్తి చూసి ఫలితం తెలుసుకునేవారు.

ఆ రెండో జెండా నన్ను ఆలోచింపజేస్తుంది. గెలిచినప్పుడు జెండా ఎగరేయడం లోకంలో అందరూ చేసేదే. ఓడిన రోజున కూడా, సొంత ఇంటి మీద, అందరికీ కనబడేలా "ఈరోజు ఓడాం" అని జెండా ఎగరేయడం ఎక్కడో గాని చూడం. మన మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. బంతి ముట్టని అభిమానికి "మనం గెలిచాం" అనే హక్కు ఎక్కడిదంటే, "మనం ఓడాం" అని అన్న రోజుల నుంచి వచ్చింది. ఆ మాటను అతను టిక్కెట్టు డబ్బుతో కొనలేడు. ఓటమిలో తన వాటా తాను మోసి సంపాదించుకోవాలి. 'ఎల్' జెండా కింద నిలబడని వాడికి 'డబ్ల్యూ' జెండా మీద హక్కు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, అది న్యాయమైనదే. "అయ్యా, ఆ జట్టు ఒక వ్యాపారం. యజమాని కోటీశ్వరుడు. ఆటగాడు ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది ఎక్కువ డబ్బిచ్చే చోట. అభిమాని ఒక్కడే పిచ్చివాడిలా 'మనం, మనం' అంటున్నాడు. ఇది ఒక చేత్తో చప్పట్లు కొట్టడం కాదా?"

కాదని ఎలా అనగలం? ఓక్లాండ్ నగరంలో ఏం జరిగిందో చూడండి. అక్కడి అథ్లెటిక్స్ జట్టు 1968 నుంచి ఆ ఊరిలో ఆడింది. యజమానులు జట్టును లాస్ వేగాస్‌కు తరలించాలని నిర్ణయించారు. స్టేడియానికి జనం రావడం లేదన్న మాట వినబడుతున్న రోజుల్లో, 2023 జూన్ 13న అభిమానులు పిలుపు ఇచ్చుకుని 27 వేల మందికి పైగా వచ్చి కూర్చున్నారు. జట్టును అమ్మేసి వెళ్లండి, ఊరి నుంచి మాత్రం తీసుకుపోవద్దు అని యజమానిని అడిగారు. వినలేదు. 2024 సెప్టెంబరు 26న అక్కడ ఆఖరి ఆట. 46 వేల మందికి పైగా వచ్చి చూసి వెళ్లారు. 2025 నుంచి ఆ జట్టు శాక్రమెంటో పక్కన ఒక చిన్న మైదానంలో ఆడుతూ లాస్ వేగాస్ స్టేడియం కోసం ఎదురుచూస్తోంది.

ఇప్పుడు మన తెలుగు మాటలను గుర్తు చేసుకుందాం. యాభై ఏడేళ్లు అభిమానులు 'మనం' అన్నారు. చివరికి యజమాని 'మేము' అన్నాడు. "మేము వెళ్తున్నాం, మీరు ఉండండి." ఇది అన్యాయమే. అభిమానం ఉన్నచోట దాన్ని సొమ్ము చేసుకునేవాడు ఉంటాడన్నది కూడా నిజమే. అందుచేత జట్టు కోసం ఇల్లు గుల్ల చేసుకోవడం, అప్పులు చేసి టిక్కెట్లు కొనడం, పందేలు కాయడం మూర్ఖత్వమేనని చెప్పక తప్పదు.

కాని ఒక్క విషయం. ఆ యజమాని జట్టును తీసుకుపోయాడు గాని, ఆ జనం మధ్య ఏర్పడిన 'మనం' అనే దాన్ని తీసుకుపోలేకపోయాడు. ఎందుకంటే అది అతనిది కాదు. తండ్రి పక్కన కూర్చుని స్కోరు రాయడం నేర్చుకున్న కూతురు, ఇరవై ఏళ్లుగా పక్క సీటులో కూర్చుంటూ పరిచయమైన ముసలాయన, చలికి వణుకుతూ ఒకే దుప్పటి కప్పుకున్న ఇరుగుపొరుగువారు: అభిమాని నోట 'మనం' అన్న మాటలో నిజంగా ఉన్నది వీళ్లు. జట్టు ఒక సాకు. పందిరి వంటిది. తీగలు అల్లుకున్నది ఒకదానినొకటి.

అయితే పాఠకులారా, అసలు పరీక్ష ఇక్కడ కాదు. ఆ 'మనం' ఎంత గట్టిదో ఓటమి రాత్రి తెలుస్తుంది. చికాగోకు అలాంటి రాత్రి 2003 అక్టోబరు 14న వచ్చింది.

ఆ రోజు కబ్స్ జట్టు సొంత మైదానంలో ఫ్లోరిడా మార్లిన్స్‌తో ఆడుతోంది. గెలిస్తే 1945 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్‌కు చేరుతుంది. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఎనిమిదోది నడుస్తోంది. కబ్స్ 3–0తో ముందుంది. ఇంకా ఐదుగురిని అవుట్ చేస్తే చాలు. అప్పుడు మార్లిన్స్ బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి ఎడమ వైపు హద్దు గీతకు అవతల, ప్రేక్షకుల గోడ మీదికి వచ్చింది. కబ్స్ ఆటగాడు పట్టుకోవడానికి ఎగిరాడు. ముందు వరుసలో కూర్చున్న ప్రేక్షకులు కొందరు అలవాటుగా చేతులు చాపారు. మన దిక్కు వచ్చిన బంతిని పట్టుకుని ఇంటికి తీసుకుపోవడం ఆ దేశంలో పెద్ద ముచ్చట. వారిలో ఒకాయన చేతికి తగిలి బంతి పక్కకు పడింది. ఆటగాడు కోపంతో ఊగిపోయాడు.

ఆ తరువాత జరిగినది జాగ్రత్తగా చూడండి. బౌలరు వరుస తప్పాడు. కబ్స్ ఫీల్డరు ఒకడు సులువుగా చేతికి వచ్చిన బంతిని జారవిడిచాడు. మార్లిన్స్ వరుసగా కొట్టారు. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో ఎనిమిది పరుగులు. ఆట 8–3తో పోయింది. అంతటితో అయిపోలేదు, మరునాడు ఇంకొక ఆట ఉంది. దానిలోనూ కబ్స్ 9–6తో ఓడింది. ఇన్ని కారణాలున్నాయి. ఇందరు ఆటగాళ్లున్నారు. కాని ఆ రాత్రి నలభై వేల మంది వేలు చూపింది ఒక్కడి వైపు.

ఆ ఒక్కడూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కబ్స్ అభిమానే. వారిలో ఒకడే. అతని మీద గ్లాసులు విసిరారు, తిట్టారు, బెదిరించారు. కాపలావాళ్లు ముఖం కప్పి బయటికి తీసుకుపోవలసి వచ్చింది. ఇంటి ముందు పోలీసులను పెట్టవలసి వచ్చింది. మరునాడు అతను క్షమాపణ చెప్పాడు, ఎవరూ వినిపించుకోలేదు. ఆ బంతిని వేలంలో లక్ష డాలర్లకు పైగా పెట్టి కొని, 2004 ఫిబ్రవరిలో బహిరంగంగా పేల్చివేశారు! ఆయన మాత్రం పత్రికలకు మొహం చూపలేదు, డబ్బిస్తామన్నా తన కథ అమ్ముకోలేదు. ఆయన పేరు లోకానికంతా తెలుసు. ఈ శీర్షికలో మనం మాత్రం చెప్పుకోవద్దు. ఆయన కోరుకున్నది అదే.

పాత నిబంధనలో లేవీయకాండము చదివినవారికి ఇది కొత్త కథ కాదు. ప్రజలందరి పాపాలను ఒక మేక తల మీద మోపి ఎడారిలోకి తోలేవారు. అది ఒక ఆరాధనా క్రమం, ప్రజలు తమ పాపాన్ని ఒప్పుకునే క్రమం. మనం ఇప్పుడు చేసే పనిలో ఆ ఒప్పుకోలు లేదు, తోలివేయడం మాత్రం మిగిలింది. విచిత్రమేమంటే చికాగో కథలో అసలు మేక కూడా ఒకటుంది. 1945 వరల్డ్ సిరీస్‌కు ఒక సారా దుకాణం యజమాని తన మేకను వెంటబెట్టుకుని వచ్చాడు. మైదానంవారు మేకను రానివ్వలేదు. అతను శపించాడని, అందుకే జట్టు గెలవడం లేదని డెబ్భై ఏళ్లు చెప్పుకున్నారు. మేక శాపాన్ని నమ్మేవారిని చూసి మనం నవ్వవచ్చు. కాని ఓటమికి మేక కారణమనడమూ, బంతికి చెయ్యి చాపిన ఒక మనిషి కారణమనడమూ ఒకే తెలివి. మేకకు బాధ తెలియదు, అంతే తేడా.

ఒక్కడిని గెంటివేసి తమ ఓటమిని వదిలించుకునే 'మనం' అసలు 'మనం' కాదు. అది 'మేము'. అభిమానానికి పట్టే రోగం ఇదే: ప్రేమ ఎక్కువ కావడం కాదు, ప్రేమలో నుంచి ఓటమిని తీసేయాలనుకోవడం. మనకూ ఇది తెలియని రోగం కాదు. 1996 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో భారత జట్టు ఓడిపోతుంటే జనం సీసాలు విసిరి, సీట్లకు నిప్పు పెట్టి, చివరికి ఆటనే ఆపించలేదా?

దీనికి భిన్నమైన దృశ్యం కూడా ఆ బేస్‌బాల్‌లోనే ఉంది. 1986 అక్టోబరులో బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి జారిపోయింది. ఆ ఆట పోయింది, తరువాతి ఆట కూడా పోయింది, వరల్డ్ సిరీస్ పోయింది. బోస్టన్ 1918 నుంచి గెలుపు కోసం అలమటిస్తున్న ఊరు. బక్నర్‌ను, అతని కుటుంబాన్ని మాటలతో ఏళ్ల తరబడి పొడిచినవారు ఉన్నారు. కాని 1990లో అతను మళ్లీ అదే జట్టులోకి వచ్చినప్పుడు, సొంత మైదానంలో మొదటి రోజున పేరు పిలవగానే, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పటికింకా బోస్టన్ ఏమీ గెలవలేదు. గెలవడానికి 2004 దాకా ఆగాలి. గెలుపు లేని చేతులతో కొట్టిన చప్పట్లు అవి. అందుకే వాటికి విలువ ఎక్కువ.

చికాగోకు కూడా చివరికి రోజు వచ్చింది. 2016లో క్లీవ్‌లాండ్‌తో వరల్డ్ సిరీస్‌లో 3–1తో వెనుకబడి, వరుసగా మూడు ఆటలు గెలిచారు. ఆఖరి ఆట క్లీవ్‌లాండ్‌లో. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి సమానం. వాన పడి 17 నిమిషాలు ఆగింది. పదో ఇన్నింగ్స్‌లో 8–7తో కబ్స్ గెలిచింది. ఆ ఆట జరిగిన తేదీ నవంబరు 2. మన విచారణల్లో సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సకల మృతుల స్మరణ దినం!

ఆ తరువాతి రోజుల్లో చికాగో ప్రజలు ఒక పని చేశారు. రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఈ గెలుపు చూడకుండా పోయిన తల్లులవి, తండ్రులవి, తాతలవి. గోడలు నిండిపోయాయి. కొందరు సమాధుల దగ్గరికి జెండాలు తీసుకువెళ్లి పెట్టారు. ఎవరూ వారికి చెప్పలేదు. 'ఎల్' జెండా కింద నిలబడినవారిని వదిలేసి గెలుపు పంచుకోవడానికి వారికి మనసొప్పలేదు. ఆ గోడ మీద ఉన్నది అచ్చమైన 'మనం'.

మరి 2003 నాటి ఆ మనిషి? 2017లో కబ్స్ జట్టువారు ఆయనకు ఒక ఛాంపియన్ ఉంగరం ఇచ్చారు. ఆయన వినయంగా తీసుకుని, ఒకరిని బలిపశువును చేయడం ఇకనైనా తగ్గాలని కోరుకున్నాడు. ఉంగరం ఇవ్వడం మంచి పనే. కాని ఒక ప్రశ్న మిగిలే ఉంది. 2016లో కూడా ఓడి ఉంటే ఇచ్చేవారా? గెలిచాక క్షమించడం తేలిక. కడుపు నిండినవాడు దానం చేసినట్టు. పైగా ఇక్కడ క్షమించడానికి నేరమే లేదు. ఆయనకు ఇవ్వవలసినది ఉంగరం కాదు. 2003 అక్టోబరు 14 రాత్రి ఎవరో ఒకరు పక్కన నిలబడి, "మనం ఓడాం, పద ఇంటికి వెళ్దాం" అని భుజం మీద చెయ్యి వేయడం.

ఇంతదూరం అమెరికా తిరిగాం. ఇక మన ఇంటికి వద్దాం. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున తండ్రి మాట వినండి. పిల్లవాడు మంచి మార్కులతో పాసయితే, వీధంతా వినబడేలా "మావాడు ఫస్టు క్లాసండీ!" తప్పితే, వంటింటి వైపు తిరిగి "నీ కొడుకు నిర్వాకం చూశావా?" విచారణ పండుగ ఘనంగా జరిగితే "మన పండుగ". లెక్కల్లో తేడా వస్తే "ఆ కమిటీవాళ్లు". వ్యాపారం కలిసొచ్చినన్నాళ్లు అన్నదమ్ములు. నష్టం వచ్చిన రోజున వాటాదారులు. ఇదంతా స్టేడియంలో వేలు చూపిన జనం చేసిన పనే, చిన్న ఎత్తున.

పిల్లలను ఆటలు చూడవద్దని కోప్పడేవారితో నాకు పేచీ లేదు గాని, చూసే తీరు నేర్పితే అంతకన్నా మేలు. ఒక జట్టును ఎన్నుకుని, మంచి రోజుల్లోనూ చెడ్డ రోజుల్లోనూ పట్టుకుని ఉండటం చిన్న విషయం కాదు. జవాబు చెప్పని దాన్ని ప్రేమించడం, మన చేతిలో లేని ఫలితం కోసం ఎదురుచూడటం, రేపు మళ్లీ ఆట ఉందని నమ్మి నిద్రపోవడం ఏ బడిలోనూ అంత తేలికగా నేర్పరు. వారి నోట "వాళ్లు ఓడారు" అన్న మాట వచ్చినప్పుడు నెమ్మదిగా సరిచేయండి: "వాళ్లు కాదు నాన్నా, మనం."

ఈ వారంలో మన ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి ఓడి గుమ్మంలోకి రావచ్చు. ఉద్యోగం రాని కొడుకో, మార్కులు తగ్గిన కూతురో, బేరం పోయిన భర్తో. అప్పుడు మన నోట మొదట వచ్చే మాట ఏది? "ఏం చేశావు?" అని అడుగుతామా? లేక "సరేలే, ఈసారికి మనం ఓడాం. కాళ్లు కడుక్కుని రా, అన్నం తిందాం" అంటామా?